జింక వేటకి మొదటి బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఎలా ఎంచుకోవాలి?

నవంబర్ దగ్గర పడుతోందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈసారి డీర్ సీజన్‌కి వెళ్దామనుకుంటున్నా, రైఫిల్ ఏది తీసుకోవాలి?" అని. టెక్సస్‌లో సాధారణ జింక సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది, మనవాళ్ళు అక్టోబర్ చివర్లో అడుగుతారు, అప్పటికి రైఫిల్ కొని, స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించి, గురి సరిచేసుకుని, చేయి అలవాటు చేసుకోవడానికి టైమ్ ఉండదు. అందుకే ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను. వీలైతే ఎండాకాలంలోనే మొదలుపెట్టండి.

ఒక మాట ముందే. ఇది అమెరికాలో ఉన్నవాళ్ళకి మాత్రమే. ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట అనేదే లేదు, అక్కడికి ఇందులో ఏదీ వర్తించదు. ఇక్కడ పరిస్థితి వేరు. టెక్సస్‌లో జింకలు చాలా ఎక్కువ, వేటకి సీజన్, లైసెన్సు, ఎన్ని కొట్టొచ్చు అనే లెక్క అన్నీ రాష్ట్ర శాఖ నిర్ణయిస్తుంది, కొట్టిన మాంసం ఇంటికి తెచ్చుకుని వండుకుంటాం.

రైఫిల్ చూడకముందు కాగితాలు చూసుకోండి

చాలామంది దాటేసేది ఇదే, తర్వాత టెన్షన్ పడేదీ దీని గురించే. మీరు సిటిజన్ అయినా గ్రీన్ కార్డ్ ఉన్నా ఈ విషయంలో పెద్ద ఇబ్బంది లేదు. హెచ్-1బి లాంటి నాన్ ఇమ్మిగ్రంట్ వీసా మీద ఉంటే మాత్రం ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం, కాకపోతే అందులో ఒక మినహాయింపు ఉంది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు మీ చేతిలో ఉంటే కొనవచ్చు, ఉంచుకోవచ్చు. అంటే ముందు లైసెన్సు, తర్వాతే షాపు. ఇంకో విషయం, టెక్సస్ లైసెన్సు మామూలుగా ఆగస్ట్ 31తో ముగుస్తుంది. సీజన్ లేదు కదా అని రెన్యూ చేయకుండా వదిలేస్తే, ఇంట్లో రైఫిల్ ఉండీ మినహాయింపు లేని స్థితిలో పడతారు. వీసా మీద ఉన్నవాళ్ళు ఆ తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఏ కొంచెం అనుమానం ఉన్నా కొనే ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, ఆ ఫీజు దగ్గర వెనకాడకండి.

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్ళు నిండినవాళ్ళు ఆన్‌లైన్‌లో చేయొచ్చు. నా సలహా అయితే, వీలుంటే రైఫిల్ పట్టుకుని నేర్పించే తరగతికి వెళ్ళండి, ఎందుకంటే తుపాకీ గొట్టం ఎటు చూస్తోందో ప్రతి క్షణం గమనించుకోవడం అనేది స్క్రీన్ మీద చదివితే వచ్చే అలవాటు కాదు.

వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి రూల్స్ చూడండి. న్యూజెర్సీలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, అక్కడ జింక వేటకి ఇలాంటి రైఫిల్ అసలు ఒప్పుకోరు, షాట్‌గన్, విల్లు, మజిల్‌లోడర్ (గొట్టం ముందునుంచి మందు కూరే తుపాకీ) మాత్రమే. కాలిఫోర్నియాలో రైఫిల్ ఓకే గానీ 2019 జూలై నుంచి వేటకి సీసం లేని తూటాలే వాడాలి. రైఫిల్ కొన్నాక ఈ విషయం తెలిస్తే డబ్బు వృథా.

ఎక్కడ కూర్చుంటారు, ఎంత దూరం?

ఏ బ్రాండ్ అని అడిగేవాళ్ళకి నేను తిరిగి అడిగే ప్రశ్న ఇది. టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటే కాబట్టి మీరు ఎవరిదో రాంచ్‌లో లీజుకో, ఒక రోజు హంటుకో వెళ్తారు. ల్యానో చుట్టుపక్కల హిల్ కంట్రీలో అయితే మంచె లాంటి బ్లైండ్‌లో కూర్చుంటారు, ఎదురుగా మొక్కజొన్న చల్లే ఫీడర్ ఉంటుంది, దూరం మామూలుగా 100 గజాల అటూ ఇటూ. తూర్పు టెక్సస్ పైన్ అడవుల్లో ఇంకా దగ్గర, 60 గజాల్లో జింక ఉన్నట్టుండి కనిపిస్తుంది. పశ్చిమాన పెకోస్ నది దాటి మ్యూల్ డీర్ అనే రకం జింకలకి వెళ్తే 250, 300 గజాల మాట వస్తుంది. రాంచ్ యజమానికి ఫోన్ చేసి "మీ బ్లైండ్ నుంచి ఫీడర్‌కి ఎన్ని గజాలు?" అని అడగండి. ఈ ఒక్క జవాబుతో సగం పని అయిపోతుంది, 110 గజాలు అన్నాడంటే 1000 గజాల రైఫిళ్ళ వీడియోలు చూస్తూ రాత్రుళ్ళు మేలుకోవాల్సిన అవసరం తీరిపోయినట్టే.

అడవి పందుల కోసమైతే ఇదే రైఫిల్ సరిపోతుంది. మన ఊళ్ళలో వేరుశనగ, మొక్కజొన్న చేలు తవ్వి పోసినట్టే ఇక్కడా రైతుల్ని ఏడిపిస్తాయి. 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే పందులకి హంటింగ్ లైసెన్సు కూడా అక్కర్లేదు. (వీసా మీద ఉన్నవాళ్ళు ఇది చదివి లైసెన్సు మానేయకండి, పైన చెప్పిన కారణం వల్ల మీకది పంది కోసం కాదు, రైఫిల్ కోసం కావాలి.)

తూటా ముందు, తుపాకీ తర్వాత

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే.

నా మొదటి రైఫిల్ .300 విన్చెస్టర్ మాగ్నమ్ అనే పెద్ద తూటాది. కౌంటర్ దగ్గర మనిషి "పెద్దది తీసుకుంటే జింక నుంచి ఎల్క్ (బాగా పెద్ద జింక జాతి) దాకా ఏదైనా కొట్టొచ్చు" అన్నాడు, నాకూ అది తెలివైన మాటలాగే అనిపించింది. రేంజ్‌లో, అంటే కాల్చి సాధన చేసే చోట, 20 తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. అసలు నష్టం భుజానికి కాదు. ట్రిగ్గర్ నొక్కే ముందు క్షణంలో ఒళ్ళు దానంతట అదే బిగుసుకుపోవడం, కళ్ళు మూసుకుపోవడం మొదలైంది, ఇంగ్లీషులో దీన్ని ఫ్లించ్ అంటారు, నాకు ఉన్నట్టు కూడా నాకు తెలీదు. రెండో సీజన్‌లో 90 గజాల్లో నిలబడి ఉన్న ఆడ జింకని కొట్టాను. భుజం వెనక తగలాల్సింది పొట్టలో తగిలింది. అది పరుగెత్తింది. టార్చ్ లైట్లు పట్టుకుని అర్ధరాత్రి దాకా నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం, ఒక వాగు దగ్గర జాడ పోయింది. తెల్లారాక మళ్ళీ వెతికాం, దొరకలేదు. అది ఎక్కడో పొదల్లో గంటల తరబడి బాధపడి చచ్చిపోయి ఉంటుంది, దానికి కారణం నేను మోయలేని తుపాకీ కొనుక్కోవడం. రైఫిల్ ఎంపిక గురించి నేను ఇంత పట్టుదలగా మాట్లాడేది అందుకే. ఒక్క తూటాతో, బాధ లేకుండా పని అయిపోవాలి, మిగతా లెక్కలన్నీ దాని తర్వాత.

తెల్లతోక జింకకి సరిపడే తూటాలు చాలానే ఉన్నాయి, మొదటిసారి కొనేవాళ్ళు ఈ ఆరు దాటి చూడక్కర్లేదు. .243 విన్చెస్టర్ 1955 నుంచి ఉంది, తన్నుడు (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి వచ్చి భుజానికి తగిలే దెబ్బ) తక్కువ, సన్నగా ఉన్నవాళ్ళకి, పిల్లలకి నేర్పడానికి చాలా మంచిది, కాకపోతే తూటా చిన్నది కాబట్టి గురి సరైన చోట పడాలి. 6.5 క్రీడ్‌మూర్ 2007లో వచ్చింది, తన్నుడు మధ్యస్థం, దూరం వెళ్ళినా గాలికి తక్కువ పక్కకి పోతుంది. 7ఎంఎం-08 కూడా ఇంచుమించు అంతే, నాకు చాలా ఇష్టమైన తూటా, కానీ చిన్న ఊళ్ళ షాపుల్లో అన్నిసార్లూ దొరకదు. .308 విన్చెస్టర్ 1952 నాటిది, ఏ మూల షాపులో అడిగినా ఉంటుంది, పందులకీ గట్టిగా పనిచేస్తుంది. .270, .30-06 రెండూ పాతకాపులు, .30-06 పేరులో ఉన్న 06 అంటే 1906, ఇప్పటికీ వాటితో ఏ ఇబ్బందీ లేదు, తన్నుడు కాస్త ఎక్కువ.

తన్నుడు అంటే ఎంత అని అడుగుతారు. 8 పౌండ్ల రైఫిల్‌లో సుమారుగా చెప్పాలంటే .243కి 9 ఫుట్ పౌండ్లు, 6.5 క్రీడ్‌మూర్‌కి 12, .308కి 17, .300 మాగ్నమ్‌కి 26. అంటే నేను మొదటి రోజే .243 కన్నా దాదాపు మూడింతల దెబ్బ భుజానికి తగిలించుకున్నాను. రైఫిల్ బరువు తగ్గేకొద్దీ ఈ అంకెలు పెరుగుతాయి, అందుకే "అల్ట్రా లైట్" అని చూసి ముచ్చటపడి కొన్నవాళ్ళు రేంజ్‌లో బాధపడతారు. కొండలెక్కే పని లేకుండా బ్లైండ్‌లో కూర్చునేవాడికి ఒక పౌండ్ బరువు ఎక్కువైతే నష్టం లేదు, మేలే.

నన్ను ఒక్కటి చెప్పమంటే మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా 6.5 క్రీడ్‌మూర్ చెప్తాను. పందులు ఎక్కువ కొడతామంటే .308. ఒక హెచ్చరిక, .22 లాంటి రిమ్‌ఫైర్ (అడుగు అంచున పిన్ తగిలితే పేలే) తూటాతో జింకని కొట్టడం టెక్సస్‌లో చట్టవిరుద్ధం, దయచేసి ఎవరైనా "తలకి కొడితే చాలు" అంటే వినకండి.

ఒంటికి సరిపోతుందా?

చెప్పులు కొనేటప్పుడు వేసుకుని నడిచి చూస్తాం గానీ, రైఫిల్‌ని మాత్రం పెట్టెలోంచి తీసి కాసేపు చూసి కార్డు గీకేస్తాం. చాలా రైఫిళ్ళ స్టాక్ (గొట్టాన్ని మోసే కలప లేదా ప్లాస్టిక్ భాగం) పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే చివర దాకా, 13.5 నుంచి 13.75 అంగుళాలు ఉంటుంది, అది ఇక్కడి సగటు మగవాడి చేతుల కోసం పెట్టిన కొలత. మనలో ఐదున్నర అడుగుల లోపువాళ్ళకి చాలాసార్లు అది పొడవైపోతుంది, మెడ సాగదీసి స్కోప్‌లోకి చూడాల్సి వస్తుంది. అన్ని పెద్ద కంపెనీల్లోనూ కాంపాక్ట్ మోడళ్ళు ఉంటాయి, కొన్నిటిలో స్పేసర్లు తీసి పెట్టి పొడవు మార్చుకోవచ్చు. "యూత్" అని రాసి ఉందని మొహమాటపడకండి. మా ఆవిడ ఐదడుగుల ఒక అంగుళం, ఆమె వాడేది కాంపాక్ట్ .243, ఆ రైఫిల్‌తో ఆమె గురి నాకన్నా నిలకడగా ఉంటుంది.

షాపులో ఇలా చేయండి. ముందు అమ్మే మనిషిని బోల్ట్ తెరిచి ఖాళీ అని చూపించమనండి, మీరూ కంటితో, వేలితో చూసుకోండి. గొట్టం మనుషులు లేని వైపు పెట్టండి. అడిగి, స్కోప్ ఉన్న రైఫిల్ తీసుకోండి. కళ్ళు మూసుకుని, మీకు హాయిగా అనిపించినట్టు భుజానికి ఆనించి, చెంప స్టాక్ మీద వాల్చండి. ఇప్పుడు కళ్ళు తెరవండి. స్కోప్‌లో నిండు వృత్తం కనిపిస్తే ఆ రైఫిల్ మీ ఒంటికి సరిపోతోంది. నల్లటి నీడ, సగం చంద్రుడు కనిపించి మీరు మెడ అటూ ఇటూ కదపాల్సి వస్తే లేదు. ఒక్కసారి చేసి వదిలేయకండి, ఐదారుసార్లు చేయండి, జాకెట్ వేసుకుని కూడా చేయండి, నవంబర్ తెల్లవారుజామున టీషర్టుతో కూర్చోరు కదా. ఎడమచేతి వాళ్ళు సావేజ్, టిక్కా లాంటి కంపెనీల ఎడమచేతి మోడళ్ళు అడగండి. కుడిచేతివాళ్ళలో కూడా కొందరికి ఎడమ కన్ను బలంగా ఉంటుంది, చేతులు చాచి రెండు అరచేతుల మధ్య చిన్న సందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని రెండు కళ్ళతో చూసి, ఒక్కో కన్ను మూయండి, ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం కనిపిస్తుందో అదే మీ బలమైన కన్ను. కొనే ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

బోల్ట్, ట్రిగ్గర్, సేఫ్టీ

బోల్ట్ యాక్షన్ అంటే ఎంతో సరళమైన యంత్రం. పిడి ఎత్తి వెనక్కి లాగితే ఖాళీ కేసు బయటపడుతుంది, ముందుకి తోసి పిడి దించితే కొత్త తూటా గొట్టం వెనక ఉన్న గదిలోకి వెళ్ళి, లగ్గులనే లోహపు పళ్ళు గట్టిగా లాక్ అవుతాయి. ఇవాళ్టి రైఫిళ్ళ మూలం చాలావరకు 1898 నాటి జర్మన్ మౌజర్. పిడి ఎంత ఎత్తాలి అన్నది లగ్గులని బట్టి ఉంటుంది. మామూలుగా రెండు లగ్గులున్న వాటిలో, రెమింగ్టన్ 700 లాగా, 90 డిగ్రీలు, బ్రౌనింగ్ ఎక్స్-బోల్ట్ లాంటి వాటిలో 60, టిక్కాలో 70. తక్కువ ఎత్తితే పిడికీ స్కోప్‌కీ మధ్య వేళ్ళకి చోటు ఉంటుంది, కానీ ఎత్తడానికి కాస్త ఎక్కువ బలం పడుతుంది. భుజం మీదనుంచి దించకుండా పదిసార్లు ఆడించి చూడండి. ఎక్కడైనా పట్టేస్తోందా, నెమ్మదిగా తోస్తే ఆగిపోతోందా గమనించండి. .308, 6.5 లాంటివి షార్ట్ యాక్షన్, .30-06, .270 లాంగ్ యాక్షన్, లాంగ్‌లో బోల్ట్ ఇంకొంచెం వెనక్కి లాగాలి, కంగారులో సగమే లాగితే తూటా ఎక్కదు.

తూటాని బోల్ట్ మొదటినుంచీ గోరుతో పట్టుకుంటుందా, వెనకనుంచి తోస్తుందా అని కంట్రోల్డ్ ఫీడ్, పుష్ ఫీడ్ గురించి గంటలకొద్దీ వాదించుకుంటారు. ఎదురు తిరిగే మృగాల వేటకి అది లెక్కే, జింకకి మీరు దాని గురించి ఆలోచించకండి.

ట్రిగ్గర్ విషయం మాత్రం పట్టించుకోండి. అనుమతి తీసుకుని ఖాళీ రైఫిల్‌లో నొక్కి చూడండి. 3 పౌండ్ల చుట్టూ ఉంటే బాగుంటుంది, గాజుపుల్ల విరిగినట్టు ఒక్కసారి తెగాలి, బురదలోంచి కాలు లాగినట్టు సాగకూడదు. 2003 ప్రాంతంలో సావేజ్ అక్యుట్రిగ్గర్ తెచ్చాక తక్కువ ధర రైఫిళ్ళలో కూడా సర్దుకునే మంచి ట్రిగ్గర్లు మామూలైపోయాయి. మరీ తేలిక చేసుకోకండి, చలికి మొద్దుబారిన వేళ్ళకి 1.5 పౌండ్ల ట్రిగ్గర్ ప్రమాదం.

సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) వేసి ఉండగానే బోల్ట్ తెరిచి తూటాలు దించగలిగే డిజైన్ తీసుకోండి, మూడు స్థానాల సేఫ్టీ ఉన్నా సరే, రెండు స్థానాలదై బోల్ట్ లాక్ కానిదైనా సరే. బ్లైండ్ మెట్లు దిగే ముందు రైఫిల్ ఖాళీ చేసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. బయటికి వచ్చే మ్యాగజీన్ ఉంటే ఇంకా సులువు, కాకపోతే అది ఇంట్లో మర్చిపోయి 200 మైళ్ళు వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు, ఒకటి అదనంగా కొని రైఫిల్ సంచిలోనే ఉంచేయండి.

గొట్టం 22 అంగుళాలు చాలు. బ్లైండ్ కిటికీలోంచి తిప్పడానికి 20 అయినా బాగుంటుంది. స్టాక్ సింథటిక్ తీసుకోండి, వాల్‌నట్ కలప అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ వానకీ తేమకీ కలప కదిలితే గురి కదులుతుంది. ఒక కాగితం గొట్టానికీ స్టాక్‌కీ మధ్య దూర్చి వెనక దాకా లాగి చూడండి, ఎక్కడా తట్టుకోకుండా వెళ్ళాలి. చౌక ప్లాస్టిక్ స్టాక్‌ని రెండు వేళ్ళతో నొక్కితేనే గొట్టానికి తగిలిపోతుంటే అది వద్దు.

ఇప్పుడు బ్రాండ్ల సంగతి

చూశారా, ఇంత దూరం వచ్చాక గానీ పేర్లు చెప్పలేదు. ఎందుకంటే పైవన్నీ సరిపోయాక ఇవాళ మార్కెట్లో ఉన్న ఏ పేరున్న రైఫిల్ అయినా మీకన్నా బాగా కాలుస్తుంది. బడ్జెట్ 500, 600 డాలర్ల ప్రాంతమైతే రూగర్ అమెరికన్ గానీ సావేజ్ యాక్సిస్ గానీ. 2012లో వచ్చిన రూగర్ అమెరికన్ బోల్ట్ కొత్తలో కాస్త గరుకుగా ఉంటుంది, వాడేకొద్దీ నున్నబడుతుంది, గురి మాత్రం ధరకి మించి ఉంటుంది. ఇంకొంచెం పెట్టగలిగితే వెదర్‌బీ వ్యాన్‌గార్డ్ చూడండి, దాన్ని జపాన్‌లో హోవా కంపెనీ తయారుచేస్తుంది, గట్టి బరువైన రైఫిల్, ఆ బరువే తన్నుడు తగ్గిస్తుంది. నేను ఇప్పుడు వాడేది టిక్కా టి3ఎక్స్, ఫిన్లాండ్‌లో సాకో ఫ్యాక్టరీలో చేస్తారు, దాని బోల్ట్ నెయ్యి రాసినట్టు జారుతుంది, మొదటి రైఫిల్‌గా నా డబ్బు మళ్ళీ దానికే పెడతాను. స్పెయిన్ బెర్గారా, జపాన్‌లో తయారయ్యే బ్రౌనింగ్ ఎక్స్-బోల్ట్ ఇంకా పై మెట్టు. మంచి రైఫిళ్ళే, కానీ వాటి కోసం స్కోప్ మీద, తూటాల మీద పెట్టాల్సిన డబ్బు తగ్గించుకోకండి.

పాతది కొంటుంటే గొట్టంలో లైటు వేసి తుప్పు, గుంటలు చూడండి, గొట్టం చివర అంచు చెక్కుకుపోయిందా చూడండి. ఖాళీ అని రూఢి చేసుకున్నాక బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదిలేయండి, తర్వాత ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. అప్పుడు టిక్‌మని పిన్ పడిందంటే ఆ రైఫిల్ అక్కడే వదిలేసి రండి. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న రెమింగ్టన్ 700, మోడల్ సెవెన్‌లని 2014లో కంపెనీ రీకాల్ చేసింది, పాత 700 దొరికితే ట్రిగ్గర్ మార్చారో లేదో అడిగి తెలుసుకునే కొనండి.

స్కోప్, తర్వాత అసలు పని

3-9x40 స్కోప్, అంటే 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపించే, ముందు అద్దం 40 మిల్లీమీటర్లున్నది, మీ అవసరానికి చాలు. 250 నుంచి 350 డాలర్ల మధ్య లియుపోల్డ్, వోర్టెక్స్‌లో నమ్మకమైనవి దొరుకుతాయి. రైఫిల్‌తో కలిపి అమ్మే ప్యాకేజీ స్కోప్ వద్దంటాను, జింకలు బయటికి వచ్చేది మసక వెలుతురులో, చౌక అద్దంలో అప్పుడు బూడిదరంగు తప్ప ఏమీ కనిపించదు. రింగుల మరలు అంచనాతో బిగించకండి, చిన్న టార్క్ రెంచ్ కొనండి, రింగులకి మామూలుగా 15 నుంచి 18 అంగుళ పౌండ్లు, తయారీదారు చెప్పిన అంకె వేరే ఉంటే అదే పాటించండి.

మీ రైఫిల్‌కి సరిపోయే సైజులోనే మూడు రకాల తూటాలు ఒక్కో పెట్టె కొనండి, ఒక్కో రైఫిల్‌కి ఒక్కో తూటా నచ్చుతుంది, ఇది కాల్చి చూస్తే తప్ప తెలీదు. రేంజ్‌లో చెవులకి మఫ్స్ కింద ప్లగ్స్ కూడా పెట్టుకోండి, ఈ శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. మొదట 25 గజాల్లో కాగితం మీద పడేలా చేసుకుని, తర్వాత 100 గజాలకి వెళ్ళండి. మూడేసి తూటాలు కాల్చి, వాటి మధ్య బిందువు చూసి స్కోప్ తిప్పండి, చాలా స్కోపుల్లో ఒక క్లిక్కుకి 100 గజాల దగ్గర పావు అంగుళం కదులుతుంది. గొట్టం వేడెక్కితే పావుగంట ఆగండి, అడవిలో మీరు కాల్చేది చల్లటి గొట్టంతో మొదటి తూటాయే, దానికే గురి సరిగ్గా ఉండాలి. మూడు తూటాలు ఒకటిన్నర అంగుళంలో పడితే చాలు, అర అంగుళం కోసం వెంటపడకండి.

ఇంట్లో ఆరేడు రోజులు ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ సాధన చేయండి, తూటాలు వేరే గదిలో పెట్టి. పిల్లలున్న ఇల్లయితే లాకర్ ముందు కొనండి, తర్వాతే రైఫిల్ ఇంటికి తేండి. లోడ్ చేసి ఉంచిన తుపాకీ 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం, చట్టం సంగతి పక్కన పెట్టినా, మన పిల్లలు వాళ్ళు.

చివరిగా, కాగితం ప్లేట్లు కొనండి, 8 అంగుళాలవి. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు అంతే. రేంజ్‌లో బల్ల మీద రైఫిల్ ఆనించే ఇసుక సంచులు వదిలేసి, అడవిలో ఎలా కాలుస్తారో అలాగే, కుర్చీలో కూర్చుని, కర్రల స్టాండ్ మీద ఆనించి, 50 గజాల్లో ఐదు తూటాలు కాల్చండి. ఐదూ ప్లేటులో పడితే ఇంకొంచెం దూరం జరపండి. ఐదులో ఒక్కటి బయటికి పోయిన దూరం దగ్గర ఆగిపోండి, దాని ముందు దూరమే మీ హద్దు, అంతకన్నా దూరంలో ఎంత పెద్ద కొమ్ములున్నది నిలబడినా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి. ప్రతి ఏడాది అక్టోబర్‌లో ఇది మళ్ళీ చేయండి, అంకె మారుతుంది. నా రైఫిల్ స్టాక్ మీద తెల్ల టేపు ముక్క ఉంటుంది, దాని మీద పెన్నుతో ఈ ఏడాది 180 అని రాసుకున్నాను, మా ఆవిడ రైఫిల్ మీద 200 అని ఉంది.